ఈరక్క పెట్టని సంతకం

తిరుమణి ఊళ్లో ఈరక్క పొలం సోలార్ కంపెనీకి గుత్తకు పోయింది. ఆమె అదే కంపెనీలో ప్యానెళ్లు కడిగే పనికి చేరింది. ఎండను ఓర్చుకునేది గాని, చెప్పిన మాట చెవిన పెట్టని మనిషిని మాత్రం ఓర్చుకోలేకపోయేది.

గోడౌన్ దగ్గర పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్ట్‌కు మలుపులో వెనక చక్రాలే పక్కకు తిరుగుతాయి. అలా తిప్పితే దాని వెనక భాగం తోకలా పక్కనున్నదాన్నల్లా ఊడ్చుకొస్తుంది. తోలే తిప్పేశ్‌కు తెలిసింది ట్రాక్టరే. నీళ్లు పట్టుకునే కుళాయి సరిగ్గా ఆ మలుపులోనే ఉంది.

"కుళాయి అవతలికి మార్పించప్పా" అని సూపర్‌వైజర్ దేవరాజ్‌ను ఈరక్క మొదట అడిగింది, తర్వాత బతిమాలింది, చివరకు తిట్టింది. ప్రతిసారీ "చూస్తాంలే అక్కా" అన్నాడతను.

ఉగాది వెళ్లిన వారానికి ఆమె బిందెకు నీళ్లు పట్టుకుంటుండగా ఆ తోక వచ్చి ఆమెను గోడకు నెట్టింది. చక్రం కుడి పాదం మీదుగా పోయింది. పావగడ ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

నాలుగో రోజు దేవరాజ్ కన్నడంలో రాసిన ప్రమాదం రిపోర్టు కాగితం తెచ్చాడు. కాలేజీలో పీయూసీ చదివే కూతురు మేఘ దాన్ని చూసింది.

"అమ్మా, నువ్వే కాలు జారి బండి కింద పడినావంట."

"నేను యాడ జారినాను? నిలబడినదాని మీదికి బండొస్తే జారినట్టా?"

"అట్లే రాస్తారక్కా. సంతకం పెట్టు, పనైపోతాది" అన్నాడు దేవరాజ్.

"నా కాలికేమైనాదో నాకంటే నీకే బాగా తెల్సా? తీస్కపో!"

అతను మళ్లీ వచ్చాడు. అదే కాగితం, అదే మాట. మూడోసారి ఈరక్క గోడవైపు తిరిగి పడుకుంది.

సంతకం లేక కాగితం కదలలేదు. విచారణకు పై అధికారి రాక తప్పలేదు. జరిగిందేమిటని ఆయన అడిగితే తిప్పేశ్ ముందుకొచ్చాడు.

"సార్, ఈ బండి తోలేది నాకు రాదు. రాదనే చెప్పినాను. ఎక్కమంటే ఎక్కినాను. అక్క తప్పేం లేదు."

రిపోర్టు తిరగరాశారు. కుళాయి మారింది. తిప్పేశ్‌ను శిక్షణకు పంపారు.

మూడు నెలలకు ఈరక్క కుంటుతూ పనికొచ్చింది. తొలిరోజే కూలీలందరినీ కూర్చోబెట్టి, యార్డులో ఎలా నడవాలో దేవరాజ్ పాఠం మొదలుపెట్టాడు.

"నడిచేది నాకు నేర్పిస్తావా?" ఈరక్క లేచింది. "మేం నడవాలని పసుపు గీత గీసినారు కదా, దాని మీద పెట్టెలు పేర్చి పెట్టినారు. ఇంగ యాడ నడవాలప్పా, గాల్లోనా?"

దేవరాజ్ గీత వైపు చూశాడు. "చూస్తాంలే అక్కా."

ఈరక్క చీర కుచ్చెళ్లు ఎగదోపి, మొదటి పెట్టెను తానే తోయడం మొదలుపెట్టింది.