పై స లేని భజన

నాకు పెళ్ళి దాదాపు తప్పిపోయిన రోజు గురించి చెబుతాను. జాతకాలు కుదరక కాదు, అమ్మాయికి నేను నచ్చక కాదు. సంగీతంలో కొత్త దారి తొక్కబోయి, శ్రీరామనవమి నాడు, ఖరగ్‌పూర్ నిమ్‌పురా భజన మందిరంలో, కాబోయే మామగారి పరువును నా పది వేళ్ళతో నేనే తీశాను. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా అమ్మ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

సింహాచలం మామ మా అమ్మకు తమ్ముడు. పగలు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, సాయంత్రమైతే మా తెలుగువాళ్ళ భజన బృందానికి పెద్ద. ఆయన కూతురు స్వాతీ, నేనూ ఒకరంటే ఒకరు ఇష్టపడ్డామని ఇంట్లో అందరికీ తెలుసు. మామ మాత్రం అవుననడు, కాదనడు. చివరికి నవమి దగ్గర పడ్డాక నన్ను పిలిచాడు.

"ఒరే సంతోసూ, ఈ నవమికి కీబోర్డు నువ్వే వాయించాల. నలుగురిలో నా పరువు నిలబెట్టినావంటే, మీ అమ్మతో మాటాడతాను."

బుద్ధున్నవాడైతే ఏం చేస్తాడు? పోయినేడు వాయించిన పాటలే వాయించి, పానకం తాగి, పిల్లను చేసుకుంటాడు. నేనేమో సరిగ్గా అప్పుడే ఇంటర్నెట్‌లో ఒక వింత సంగీతం మాయలో పడి ఉన్నాను.

ఆ మాయ ఏమిటో చెబుతాను, భయపడకండి. మన సంగీతంలో స నుంచి పైకి పోతే, ధ్వని కంపనాలు రెట్టింపైన చోట మళ్ళీ స వస్తుంది. మగవాళ్ళు కింది స నుంచి, ఆడవాళ్ళు పై స నుంచి పాడినా ఒకే పాటలా వినిపించేది అందుకే. ఈ కొత్త పద్ధతిలో ఆ రెట్టింపుకు చోటే లేదు. కంపనాలు మూడు రెట్లయ్యేదాకా పోయి, ఆ దూరాన్ని పదమూడు మెట్లుగా కోస్తారు. దారిలో పై స తగలనే తగలదు. అంటే ఖరగ్‌పూర్‌లో ఆగకుండా పోయే బండి లాంటిదన్నమాట. ఈ ఊళ్ళో పుట్టినవాడికి అలాంటి బండిని చూస్తే ఒళ్ళు మండాలి. నాకు ముచ్చటేసింది!

బృందం కీబోర్డుకు సొంత స్పీకరు పోయి చాలా కాలమైంది. అందుకని దాన్ని నా ఫోనుకు తగిలించి, ఫోన్లో ఒక యాప్ ద్వారా పెద్ద స్పీకరులో వినిపించేవాణ్ణి. ఆ యాప్‌లో మెట్లు మార్చుకోవడం చిటికెలో పని. మార్చి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రోజూ వినడం మొదలుపెట్టాను. మొదట్లో పళ్ళు జివ్వుమన్నాయి. తర్వాత చెవులు ఎంత అలవాటు పడ్డాయంటే, ఇంట్లో కాలింగ్ బెల్లు అపశ్రుతిగా తోచింది.

స్వాతికి కూడా వినిపించాను.

"బావా, స్పీకరు గానీ తడిసిపోనాదేటి?"

"నేదే, ఇది పదమూడు మెట్ల సంగీతం. మలంచా పేట భజన బృందమోళ్ళు కల్లో కూడా ఇనుండరు."

"ఆళ్ళ అదృష్టం. నా మాట ఇను, నవమినాడు మామూలుగా వాయించు."

సరే అన్నాను. ఆ పూటకు.

నవమి సాయంత్రం మందిరం కిటకిటలాడిపోయింది. ఖరిదా పేట నుంచి కూడా జనం వచ్చారు. పక్క క్వార్టర్లో ఉండే బెంగాలీ దాదా ముందు వరసలోనే కూర్చున్నాడు. మామ ఇస్త్రీ పంచెలో మైకు ముందుకు వచ్చి, గొంతు సవరించుకుని, నా వైపు చూసి ముసిముసిగా నవ్వాడు. ఆ నవ్వుకు నేను పొంగిపోయాను. ఇంత మంచి మామకు పాత సంగీతమా! ఫోన్లో పదమూడు మెట్ల పద్ధతి నొక్కేశాను.

మా భజనలో ఒక పద్ధతి ఉంది. ముందు మామ కింది స లో వరస ఎత్తుకుంటాడు. ఆ తర్వాత కీబోర్డు వాయించేవాడు ఆడవాళ్ళకు పై స అందిస్తే, వాళ్ళు అదే వరస తిరిగి పాడతారు. పై స లేదని నాకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలుసు. పాపం ఆడవాళ్ళకు తెలియదు.

మామ మొదటి వరసను, వాద్యం వంకరగా పోతున్నా, గొంతు బలంతో లాగేశాడు. నేను మహా గర్వంగా ఆడవాళ్ళకు పదమూడో మెట్టు నొక్కాను. అది పై స ను దాటిపోయి, ఎక్కడో మిద్దె మీదున్న ప. అందరికంటే ముందున్న మా అమ్మ నమ్మకంగా దాన్నే అందుకుంది. మిగతావాళ్ళు ఆమె వెనకాల ఎక్కారు. పాట పైకి లేచే చోటికి వచ్చేసరికి అవి గొంతులు కావు, ప్రెషర్ కుక్కర్లు.

"ఒరే, నా గొంతు సిరిగిపోతందిరా! కిందకి దించు!" అని అమ్మ కేకేసింది.

దించాను. ఎనిమిదో మెట్టు పై స కు కాస్త తక్కువ, తొమ్మిదోది మరీ ఎక్కువ. ఆడవాళ్ళను కలుపుకుందామని మామ ఎనిమిదికి ఎక్కాడు. అప్పటికి నేను తొమ్మిదికి మారాను. ఆయన తొమ్మిదికి వచ్చేసరికి నేను ఎనిమిదిలో ఉన్నాను. జీవితంలో అపశ్రుతి పలకని మనిషి పదిమందిలో, మైకులో, మేకలా అరిచాడు.

బెంగాలీ దాదా జాలిగా లేచాడు. "దాదా, మెషిన్ ఖరాబ్ హో గయా క్యా?"

"మెసీను కాదు దాదా, మేనల్లుడు!" అన్నాడు మామ. తర్వాత నా మీదకు వంగాడు. "ఒరే, స ఏదిరా?"

"స ఉండదు మామా. ఈ పద్ధతే అంత."

"ఉండదా? మొన్నటిదాకా ఉన్నాది గదరా! ఏటి సేసినావు దాన్ని?"

"మూడు రెట్ల కాడ..."

"నోర్ముయ్యి! ఎక్కడున్నా బేగి తీసుకురా!"

పాత మెట్లకు పోయే దారి యాప్‌లో వెతుకుతుంటే వేలు జారి, ఇంకేదో తగిలింది. స్పీకరులో కుక్క మొరిగింది. రాములవారి ఎదుట, నిండు భజనలో.

స్వాతి లేచి వచ్చి స్పీకరు వైరు పీకేసింది. తాళాలు అందుకుని, మామూలు స లో పాట ఎత్తుకుంది. మామ కలిశాడు, అమ్మ కలిసింది, మందిరమంతా కలిసింది. ఏ వాద్యం లేకుండా అంత బాగా మా బృందం ఎన్నడూ పాడలేదు. నేను మాత్రం మూగ కీబోర్డు వెనక కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. స్వాతి ఇక నాకు దక్కదనే అనుకున్నాను.

పానకం పంచే వేళ మామ అమ్మ దగ్గరకు వచ్చాడు.

"అక్కా, ఈడికి పిల్లనెలా ఇయ్యమంటావు? అందరికీ ఉన్న స నే పోగొట్టినోడు, నా కూతుర్ని పోగొట్టడా?"

జవాబు స్వాతి చెప్పింది.

"నానా, నాను తప్పిపోయినా నాకు ఇంటికి దారి తెలుసు. ఈడికే తెల్దు. అందుకే ఈడికి నాను కావాల."

మామ గ్లాసెడు పానకం గటగటా తాగేశాడు.

"ఠీక్ హై. ఒకటే షరతు. పెళ్ళిలో సన్నాయోళ్ళ కాడికి ఈడిని ఎల్లనీకండి."

షరతు ప్రకారమే, పెళ్ళిలో సన్నాయి ఒక మూల, నేను ఇంకో మూల. ఏడడుగుల వేళకు పంతులుగారు నడవమన్నారు. స్వాతి నా చిటికెన వేలు విరిగేలా పట్టుకుని, చెవిలో చెప్పింది.

"ఏడే, బావా. పదమూడు ఏసినావంటే నాను ఇంటికి రాను."

ఏడు దగ్గర టక్కున ఆగాను. ఆగి, అగ్నిసాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీద ఏ భజనకూ, ఏ పెళ్ళికీ, ఏ మామకూ పై స లేకుండా చేయను. ఎదురుగా సింహాచలం మామ ఇంకా వేళ్ళు మడిచి నా అడుగులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు.