కాస్తమ్మగారి స్కూటరు దగ్గు

ప్రతి ఉదయం రోగి గదిలో అడుగుపెట్టగానే, నాడి పట్టకముందే, ఆ నర్సమ్మ ఏదో ఒక సాయం అడిగేది. ఆసుపత్రివాళ్ళు ఇక తమ చేతిలో ఏమీ లేదని ఇంటికి పంపేసినవాళ్ళను చూసుకోవడం ఆవిడ ఉద్యోగం. అలాంటివాళ్ళ చేతే పని చేయించుకోవడం ఆవిడ అలవాటు. "కాస్త ఈ దారం చిక్కు తీసిపెట్టండి." "కాస్త నా గొడుగు మీద ఓ కన్నేసి ఉంచండి." నోరు తెరిస్తే కాస్త. అందుకే అందరూ కాస్తమ్మ అనేవారు. ఊపిరందని ఒక బామ్మ చేత పెన్సిలు చెక్కించుకుందని, మర్నాడు బామ్మ పోతే, "అయ్యో, రెండో పెన్సిలు అలాగే ఉండిపోయిందే" అని కళ్ళొత్తుకుందని చెప్పుకునేవారు.

ఈసారి ఆవిడ వెళ్ళిన ఇంట్లో కోడలికి మొదటి రోజే ఒళ్ళు మండింది. మంచం మీద ఉన్నది ఆమె మామగారు. జీవితమంతా స్కూటర్లు బాగుచేసిన మనిషి. క్యాన్సర్ ఎముకల్లోకి పాకాక గోడవైపు తిరిగి పడుకుని మాట మానేశాడు. నొప్పి మందు సీసా మూత తీస్తే చాలు, పళ్ళు బిగించేవాడు. "పనికిరాని బండికి నూనె ఎందుకమ్మా" అన్నది ఆయన కోడలితో ఆడిన ఆఖరి మాట. పక్క మార్చినప్పుడల్లా ఆయన మూలుగు వినలేక, ఆమె వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి నిలబడేది. పోవడం ఎలాగూ తప్పదు. ఈ బాధలోనే పోతాడేమోనన్నదే ఆమె భయం.

"బాబాయిగారూ, నా స్కూటరు దగ్గుతోంది. కాస్త విని చెబుదురూ," అంది కాస్తమ్మ.

"అక్కా, ఆయన లేవలేరు," అంది కోడలు, కోపం అణచుకుంటూ.

"లేవమన్నానా? పడుకునే వినమంటున్నా."

వెళ్ళి కిటికీ కింద స్కూటరు నిలబెట్టి మోత మొదలుపెట్టింది. గదినిండా పొగ. అరుగు కింద కుక్క లేచి వేరే వీధికి పోయింది. పొరుగింటాయన తల బయటపెట్టి, "నర్సమ్మా, పోయేవాళ్ళను చూడ్డానికొచ్చావా, ఉన్నవాళ్ళను పంపడానికొచ్చావా?" అన్నాడు.

గోడవైపున్న తల కదిలింది.

"ప్లగ్గు టోపీ వదులైంది," అన్నాడు ముసలాయన. "ఆ మాత్రం తెలీదూ?"

కాస్తమ్మ పరుగున లోపలికొచ్చింది. "నొప్పిని పంటిబిగువున పట్టి చెప్పిన మాట నమ్మి నేను నడివీధిలో ఆగిపోతే? ముందు ఈ మందు పుచ్చుకోండి. కాస్త తేరుకున్నాక మళ్ళీ వినండి. అప్పుడు చెప్పిందే ఖాయం."

ఆయన ఆవిడను ఎగాదిగా చూశాడు. తర్వాత కోడలివైపు తిరిగి నోరు తెరిచాడు. ఆమె చెంచాతో మందు పోసింది.

ఆనాటి నుంచి ఆ స్కూటరుకు రోజుకో రోగం. "ఆ దగ్గులమారి ఇంకా రాలేదా?" అని ఆయనే అడిగేవాడు. "మందు ఇలా తే. తలకాయ తేటగా ఉండాలి."

ఒక ఉదయం కోడలు మేడమీద దుప్పట్లు ఆరేస్తూ కిందికి చూసింది. కాస్తమ్మ స్కూటరు వెన్నలా నడుస్తూ మలుపు తిరిగింది. ఆగింది. ఆవిడ దొంగలా అటూ ఇటూ చూసి, వంగి, ఏదో లాగి వదులు చేసి, దగ్గించుకుంటూ కిటికీ కిందికి వచ్చింది. కోడలు తడిదుప్పటి వెనక నిలబడి, కోపమంతా ఎటు పోయిందో తెలియక, చాలాసేపు దిగిరాలేదు.

ఆ సాయంత్రం మామగారు ఆమెను దగ్గరికి పిలిచాడు. గొంతు బాగా సన్నగిల్లింది.

"ఒక మాట. ఆ పిచ్చిది రోజూ తనే పాడుచేసుకుని వస్తోంది."

"మీకెప్పుడు తెలిసింది మామయ్యా?"

"మొదటి రోజే. అంత మంచి ఇంజను అలా ఊరికే దగ్గదు. నేను కనిపెట్టానని మాత్రం అనకు. పాపం, చిన్నబుచ్చుకుంటుంది." నవ్వాడు. ఆ నవ్వుకు నొప్పి అడ్డం రాలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నిద్రలోనే వెళ్ళిపోయాడు, మూలుగన్నది లేకుండా. భగవంతుడు ఆ మాత్రం దయ చూపాడు. ఆ దయ ఆ ఇంటికి పొగ కక్కుకుంటూ వచ్చింది, అంతే.

చుట్టాలందరూ వెళ్ళిపోయాక, కాస్తమ్మ ఒళ్ళు పుండ్లు పడకుండా ఆయనకు వేసిన నీటిపరుపు తీసుకుపోవడానికి వచ్చింది. రోజూ ఆయనకు మందు పోసే వేళ అది. కోడలు ఖాళీ మంచం దగ్గర, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి ఉంది. కాస్తమ్మ పరుపులో నీళ్ళు వంపేసి, చుట్టచుట్టి, భుజాన వేసుకుని గుమ్మం దాటించింది. తిరిగొచ్చి, కోడలి ముందు నేలమీద వీపు తిప్పి కూర్చుంది. బెత్తెడు జుట్టు, అందులోనూ సగం తెలుపు, ముడి విప్పి వదిలేసింది.

"చేతులు పైకి లేవడం లేదే అమ్మాయ్. కాస్త జడ వేసిపెడతావా?"

"ఇప్పుడే అంత పరుపు ఎత్తారు కదక్కా."

"అది పరుపు, ఇది జడ. కాస్త గట్టిగా వెయ్యి."