మావాడేనండి

పరశురామ సిద్ది ఏదైనా చెప్పబోయే ముందు గొంతు సవరించుకుంటాడు. ఆలోపే అతని జవాబు ఇంకెవరో చెప్పేస్తారు. ఎన్ని తరాల కిందటో ఆఫ్రికా నుంచి వచ్చి కర్ణాటకలోని యల్లాపురం అడవుల్లో స్థిరపడినవాళ్ల వంశం అతనిది. నల్లని ఒళ్లు, బిగుతైన ఉంగరాల జుట్టు, పుట్టుకతో వచ్చిన కన్నడం. రాయచూరు కాలేజీలో చేరిన కొత్తలో హాస్టల్లో పక్కన ఎవరూ కూర్చోకపోతే, సింధనూరు దారిలోని పోతనాళ నుంచి వచ్చిన తెలుగు కుర్రాడు వీరబాబు తన జట్టులో కలుపుకున్నాడు. ఆ జట్టు అతనికి మెస్సులో చోటు పట్టిపెట్టింది, తెలుగు నేర్పింది, వెక్కిరించినవాళ్లతో కలబడింది. వాళ్లే లేకపోతే మొదటి ఏడే చదువు మానేసి పోయేవాడు. అది తెలుసు కనుకే, తన జవాబులు వాళ్లే చెప్పేస్తున్నా విసుగును ఇన్నాళ్లూ దిగమింగుకున్నాడు.

ఆ రోజు సింధనూరు బస్సులో ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి, "ఏ దేశం పిల్లగాడు గీయన?" అని వీరబాబును అడిగాడు.

"మావాడేనండి, మన కర్ణాటకే," అన్నాడు వీరబాబు.

"నన్ను చెప్పనివ్వరా!" అని పరశురామ అరిచేశాడు. "రెండేళ్లయింది, మా ఊరి పేరు నా నోటితో చెప్పుకుని."

వీరబాబు మొహం చిన్నబోయింది. "నిన్నెవరూ ఏమీ అనకూడదనే కదరా," అని గొణిగి, "వాణ్నే అడగండి," అన్నాడు పెద్దాయనతో.

"మాది యల్లాపురం, పెద్దాయనా."

పెద్దాయన నోరు తెరిచి విని, మళ్లీ వీరబాబు వైపే తిరిగాడు. "తెలుగు గింత మంచిగ మాట్లాడుతుండు! వాళ్ల దేశంల నేర్పుతరా?"

వీరబాబు మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. వాడేదైనా అంటే బాగుండునని పరశురామకు అనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా ఒళ్లు మండిపోయింది.