రూతమ్మ పెద్దమ్మ కడిగిన పాదాలు

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డలో ఆదివారం ఆరాధన అయిపోగానే పిల్లలందరం చర్చి వెనక వేపచెట్టు కింద చాప పరుచుకుని కూర్చునేవాళ్ళం. మా రూతమ్మ పెద్దమ్మ సండే స్కూలు చెప్పేది. అమ్మకు సొంత అక్క. పెద్దనాయన చిన్న వయసులోనే పోయాడు... పిల్లలు లేరు. వారమంతా బడిలో టీచరు, ఆదివారం మాకు టీచరు.

మేం బైబిలు వాక్యం అప్పజెప్పాక పునీతుల కథలు చెప్పేది. చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన పైబట్ట కోసి సగం ఇచ్చిన సైనికుడు... కుష్ఠురోగిని చూసి గుర్రం దిగి కౌగిలించుకున్న బట్టల షావుకారు కొడుకు...

మా సంఘపెద్ద ఒకాయనకు అది నచ్చేది కాదు. "పునీతుల కథలు కథోలిక్కులు వాళ్ళ గుళ్ళో చెప్పుకుంటారు. మనకెందుకమ్మా?" అన్నాడొకసారి.

"ఆకలైనోళ్ళకు అన్నం పెట్టినోళ్ళ కథ యాడ చెప్తే ఏందన్నా?" అంది పెద్దమ్మ.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఒక ఆదివారం ఆ గుర్రం కథే మళ్ళీ చెప్పింది. మా చర్చి గేటు పక్కన ఓబుళమ్మవ్వ అని ఒక ముసలామె ఉండేది. చాగలమర్రి వైపు నుంచి వచ్చిందట. కుష్ఠుతో వేళ్ళు అరిగిపోయి, కాళ్ళ నిండా పుండ్లు. అన్నం పెట్టేవాళ్ళు కూడా ఆకు దూరంగా పెట్టి వెనక్కి జరిగేవాళ్ళు.

"పెద్దమ్మా, మరి గేటు కాడ అవ్వను నువ్వెప్పుడన్నా ముట్టుకున్నావా?" అని అడిగాను. ఊరికే అడిగాను... పిల్లలు అడిగినట్టు.

పెద్దమ్మ చేతిలో బైబిలు మూసింది. "లేదు" అంది. ఆ రోజు ప్రార్థన కూడా చేయించకుండానే మమ్మల్ని పంపేసింది.

మర్నాడు సాయంత్రం బడి నుంచి రాగానే వేపాకు వేసి నీళ్ళు కాచింది. పాత నూలుచీర చింపింది. నేనూ వెంట వెళ్ళాను. బక్కెట్టు చూసి అవ్వ కాళ్ళు చీర కిందికి లాక్కుంది.

"వద్దు తల్లీ... నీకంటుకుంటాది."

"డాక్టర్నడిగినాలే. నీ జబ్బు ఎప్పుడో నయమైందంట. పుండ్లే మానల్ల."

అవ్వ కొంగు మొహం మీదికి లాక్కుంది. పెద్దమ్మ చేతులు వణుకుతున్నాయి... నాకు బాగా గుర్తు. ఆమె చెప్పిన కథల్లో ఎవరి చేతులూ వణకలేదు.

ఇక రోజూ అదే పని. ఊళ్ళో తెలిసింది. డాక్టరు మాట ఎవరూ నమ్మలేదు. నెల తిరిగేసరికి చాప మీద నలుగురు పిల్లలు మిగిలారు. మా అమ్మ కూడా వచ్చి, "అక్కా, నా బిడ్డను ఈడికి పంపీను" అని నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయింది. ఆఖరికి సంఘపెద్దే వచ్చాడు.

"పిల్లోళ్ళన్నా కావల్ల, ఆ ముసల్దన్నా కావల్ల. ఏదో ఒగటి చెప్పు తల్లీ."

ఆ తర్వాత పెద్దమ్మ మళ్ళీ సండే స్కూలు చెప్పలేదు.

ఒకరోజు అమ్మతో బస్టాండుకు పోతూ గేటు ముందు నుంచి నడిచాను. అవ్వ కాలికి గుడ్డ చుడుతున్న పెద్దమ్మ తలెత్తి నవ్వింది. "యాడికి పోతాండావ్ పాపా?" అంది.

నేను మొహం తిప్పుకున్నాను.

ఆ వానాకాలంలోనే అవ్వ పోయింది. సంఘంలో మనిషి కాదని మా సమాధుల తోటలో చోటివ్వలేదు. పెద్దమ్మ, ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు కలిసి ఊరిబయట వంక గట్టున పూడ్చిపెట్టారు. మరుసటి ఏడు పెద్దమ్మ నంద్యాలకు బదిలీ చేయించుకుంది. రాకపోకలు తగ్గాయి... ఆగిపోయాయి.

రెండేళ్ళ క్రితం మంచం పట్టిందని తెలిసి నంద్యాల వెళ్ళాను. ఒంటిగది ఇల్లు. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. ఇన్నేళ్ళు గొంతులో ఉన్నది అడిగేశాను... "పెద్దమ్మా, ఆ రోజు నేనా మాట అడగకపోయింటే నీకీ కష్టం లేకపోయేది కదా?"

"నువ్వడగకపోయింటే నేను కథలు చెప్పుకుంటానే సచ్చిపోయింటి" అంది. మళ్ళీ తనే, "మీయమ్మనేమీ అనొద్దు. ఆయమ్మ భయం ఆయమ్మది" అంది.

నేను గేటు దగ్గర మొహం తిప్పుకున్న సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను. నాలుగు నెలలకు పోయింది.

అంత్యక్రియలకు ఆళ్లగడ్డ నుంచి కూడా వచ్చారు. "పునీతురాలి లాంటి మనిషి" అన్నారు మైకులో. నేను చివరి బెంచీలో తల వంచుకుని కూర్చున్నాను.

ఇప్పుడు ఎవరైనా పేదవాళ్ళకు అన్నం పెడుతున్న వీడియో కనిపిస్తే ఫోన్లో ఒక దండం బొమ్మ పెట్టి పైకి తోసేస్తాం. నేనూ అంతే...

మీ చిన్నప్పుడు ఇలాంటి మనిషి ఎవరైనా ఉంటే వాళ్ళ పేరు కింద రాయండి. ఇంకా బతికే ఉంటే మాత్రం... రాయడం తర్వాత, ముందు వెళ్ళి చూసి రండి.