కండ్లద్దాల దుకాణానికి నేను రాసిన బోర్డు

మా మనవరాలు మడికొండలో ఏదో కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. మొన్న ఒకటి చూపించింది. తెల్లటి తెర మీద బూడిదరంగు అక్షరాలు, చీమలంత. నేను కండ్లద్దాలు తీసి పక్కన పెట్టి, ఫోను చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూశాను. "తాతా, అద్దాలు పెట్టుకొని చూడు" అని విసుక్కుంది. పెట్టుకుంటే కనబడుతుందని నాకూ తెలుసు. పెట్టుకోకముందు కనబడుతుందా అన్నదే నా పరీక్ష. వెబ్‌సైట్లు అనేవి పుట్టకముందే నేను అందులో ఫెయిలయ్యాను, అదీ మా బావ బతుకును పణంగా పెట్టి.

ఎనభైల మొదట్లో నేను వరంగల్‌లో బోర్డులు రాసేవాణ్ని. నా అంత పొగరుబోతు పెయింటరు జిల్లాలో లేడు. మిగతావాళ్లు అక్షరాలు రాసి ఊరుకునేవాళ్లు, నేను వాటికి నగలు పెట్టేవాణ్ని. ప్రతి అక్షరానికి రెండు నీడలు, తలకట్టుకో తీగ, ఒత్తుకో పువ్వు. నిచ్చెనెక్కి ముక్కు రేకుకు ఆనించి రాస్తుంటే నా పని మీద నాకే ముచ్చటేసేది.

ఆ రోజుల్లోనే మా అక్క భర్త హన్మకొండ చౌరస్తా దగ్గర కండ్లద్దాల దుకాణం పెట్టాడు. వాళ్లది తాతలనాటి బట్టల వ్యాపారం, బావ ఒక్కడే కొడుకు. కానీ ఆయనకు గజంకర్ర పట్టుకోవడమంటే పడదు. హైదరాబాదులో రెండేళ్లు కండ్లద్దాల పని నేర్చుకొచ్చి, తండ్రితో నెలరోజులు మాటల్లేకుండా గడిపి, చివరికి ఒప్పించాడు. దానికీ ఒక షరతుంది.

"ఉగాది దాకా చూస్తా. నడిస్తే నీ ఇష్టం. నడవకపోతే ఒచ్చి బట్టల దుకాణంల నా పక్కన గద్దె మీద కూసో. మల్ల ఈ ముచ్చట ఎత్తొద్దు" అన్నాడు పెద్దాయన.

సొంత బావ కదా, ఇంతవరకు ఎవరికీ రాయని బోర్డు రాయాలనుకున్నాను. గులాబీరంగు మీద కుంకుమరంగు అక్షరాలు, సన్నజాజి తీగల్లా. మధ్యలో పురివిప్పిన నెమలి. దాని తోక కింద 'ఫారిన్ మిషన్లతో కంటి పరీక్ష' అని రాశాను. ఆ మిషను సికింద్రాబాదులో కొన్న ఒక చెక్కపెట్టె, అందులో వరసగా గాజుబిళ్లలు. దసరాకు దుకాణం తెరిస్తే వచ్చినవాళ్లంతా నెమలి బాగుందన్నారు. ఏం దుకాణమని ఒక్కరూ అడగకపోవడం నాకు వింతగా తోచలేదు.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. రాకపోవడానికి కారణం పక్క దుకాణంలో ఉంది. అది గడియారాలు బాగుచేసే సాబ్‌ది. ఆయన పొద్దస్తమానం ముందరి బల్ల దగ్గర వంగి, కంటికి నల్లటి భూతద్దం బిగించుకుని కూర్చునేవాడు. చూపు ఆననివాళ్లకు నా బోర్డు ఆనలేదు కానీ కంట్లో అద్దం పెట్టుకున్న ఆ మనిషి మాత్రం ఆనాడు. అందరూ నేరుగా వెళ్లి ఆయన ముందు కూర్చునేవాళ్లు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రైల్లో వచ్చిన ఒక ముసలమ్మ రెండు వేళ్లతో రెప్ప విప్పి పట్టుకుని, "జర చూడు బిడ్డా" అంది.

"నేను గడియారాలు చూస్తనమ్మా. కండ్లు పక్క దుకాణంల" అన్నాడు సాబ్.

ముసలమ్మ పక్కకు తిరిగి బోర్డు చూసింది. "గది సర్కస్ టికెట్లిచ్చే కాడ గాదా?" అని లేచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం సాబ్ నన్ను పిలిచాడు. "భాయ్, పొద్దటి సంది నలుగురి కండ్లు చూసిన. ఒక్క గడియారం చూడలే. కండ్లు మంచిగున్నోళ్లకు నీ బోర్డుతోని పని లేదు, లేనోళ్లకు అది కనబడదు. ఉర్దూ చదివెటోళ్లకు అసలు జాగనే పెట్టలే."

"ఉర్దూ రాస్తే నెమలి తోకకు జాగ సాలది సాబ్" అన్నాను. నిజంగానే అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అక్క కూడా వచ్చి మొత్తుకుంది. "మీ బావ పొద్దంత ఈగలు కొట్టుకుంట కూసుంటాండురా. ఉగాది దగ్గరికొచ్చె. ఆ బోర్డు మార్చు."

"అది కళ అక్కా."

"నీ కళల మన్నువొయ్య" అని కొంగు దోపుకుని వెళ్లిపోయింది. అయినా నేను దిగిరాలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు కదా.

ఉగాది ఇంకో పది రోజులుందనగా పెద్దాయన ఎవరికీ చెప్పకుండా దుకాణం చూడ్డానికి వచ్చాడు. నా కొడుకు దుకాణమెక్కడని దారినపోయేవాళ్లను అడగడం నామోషీ. అందుకని కళ్లు చికిలించుకుని వెతికి, అందరిలాగే వెళ్లి గడియారాల సాబ్ ముందు కూర్చున్నాడు. కొడుకు పనివాణ్ని కూడా పెట్టుకున్నాడని లోపల సంతోషపడ్డాడట. కాసేపటికి, "అద్దాల దుకాణంల ఇన్ని గడియారాలెందుకు?" అని అడిగాడు. సాబ్ లేచి, ఆయన చెయ్యి పట్టుకుని పక్క దుకాణానికి నడిపించుకొచ్చాడు. అప్పుడు నేను నిచ్చెన మీద నెమలి ముక్కుకు మెరుగులు దిద్దుతున్నాను.

బావ తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, పరీక్ష ఫ్రేము ముక్కుకు తగిలించి, ఒక్కో బిళ్ల మార్చాడు. నాలుగో బిళ్లకు పెద్దాయన అక్షరాల అట్టను వదిలేసి కొడుకు మొహం వైపు చూశాడు. "గింత బక్కగైనవేందిరా" అన్నాడు.

తర్వాత ఆ ఫ్రేముతోనే బయటికొచ్చి బోర్డు చూశాడు. "ఇప్పుడు నెమలి కనబడ్తాంది. దుకాణం ఏడుంది? ఫారిన్ మిషినేది?" బావ చెక్కపెట్టె చూపించాడు. "సికింద్రాబాదు ఫారినెప్పుడైందిరా? లేనిది రాస్తే ఉన్నది గుడ నమ్మరు."

"దూరం నుంచి చూస్తె దాని అందం తెలుస్తది మామా" అన్నాను.

"పో మరి. రోడ్డవతల నిలబడి చదువు."

వెళ్లి నిలబడి గడగడా అప్పజెప్పాను. నేను రాసిందే కదా. పెద్దాయన వ్యాపారస్తుడు, చూసి చదివినదానికీ కంఠతా వచ్చినదానికీ తేడా ఆయనకు తెలియదా! లోపలికెళ్లి, బావ లెక్కలు రాసుకునే పలక తీసుకుని దాని మీద ఏదో రాసి గుమ్మంలో ఎత్తి పట్టుకున్నాడు. "ఇది చదువు పిలగా" అని కేకేశాడు.

నాకు నల్లగా ఏదో కనబడింది. పలక అనుకుంటే పలక, పెనం అనుకుంటే పెనం. ఎంత చికిలించినా ఒక్క అక్షరం ఆనలేదు.

నన్ను లాక్కొచ్చి అదే కుర్చీలో కూర్చోబెట్టారు. అద్దాలు కుదిరాక మళ్లీ అవతలికి పంపారు. ఈసారి పలక చదవగలిగాను. దాని మీద ఒకటే మాట ఉంది: 'కనబడ్డదా?'

పలకే కాదు, బోర్డూ కనబడింది. పుట్టి బుద్ధెరిగాక నా బోర్డును నేను రోడ్డు మీద నుంచి చూడటం అదే మొదటిసారి. నెమలి పొదుగుడు కోడిలా ఉంది. అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. సాబ్ నవ్విన నవ్వుకు ఆయన కంటిలో భూతద్దం జారి కిందపడింది.

"గడువు దసరా దాకా జరిపిన" అన్నాడు పెద్దాయన కొడుకుతో. "బోర్డు మార్చు. లేకుంటే బామ్మర్దిని మార్చు."

ఆ రోజే నెమలిని గీకేశాను. తెల్లటి రేకు మీద బండిచక్రమంత కండ్లద్దాల బొమ్మ వేసి, కింద తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో మందపాటి నల్లటి అక్షరాలు రాశాను. నీడల్లేవు, పువ్వుల్లేవు, ఫారిన్ లేదు. ఉర్దూ మాటకు సాబ్ చాక్‌పీసుతో గీతలు గీసిచ్చాడు.

మర్నాడు పెద్దాయనా నేనూ రోడ్డవతల నిలబడ్డాం. ఇద్దరం అద్దాలు తీసేశాం, ఆయనవి నా చేతికిచ్చాడు. అయినా బోర్డు ఆనింది. చేతికర్ర తాటించుకుంటూ ఒక ముసలాయన వచ్చాడు. గడియారాల దుకాణం ముందు ఆగాడు. తలెత్తాడు. రెండడుగులు ముందుకేసి బావ దుకాణంలోకి ఎక్కాడు.

నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. పెద్దాయన మాత్రం కదల్లేదు. "నడుస్తది" అన్నాడు. మళ్లీ తనే, "ఇంక వాడు రాడు" అన్నాడు.

ఆ బోర్డు సరిగ్గా రాయించింది ఆయనే.

"గద్దె మీద వాని జాగ రోజు పొద్దుగాల నేనే తుడుస్తాన పిలగా" అని, అద్దాలిమ్మని చెయ్యి చాచాడు. ఇచ్చాను. పెట్టుకోకుండా పంచె అంచుతో చాలాసేపు వాటిని తుడుస్తూనే ఉన్నాడు.