తారు మీద పొయ్యి

మా వంటల పెద్దమ్మ సిరిసిల్లలో కూతురి ఇంట్లో పోయిందని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. జగిత్యాలలో బస్సెక్కేటప్పుడు ఏడుపు వస్తుందనుకున్నాను. వచ్చింది కోపం. ఇంకా తగ్గలేదు.

కోరుట్లలో ఆమెది మా పక్కిల్లు. పెళ్లిళ్లలో ఐదు వందల మందికి వండేది. ఎసరు చప్పుడు వినే మంట తగ్గించేది. నీళ్లు ఎన్ని పోయాలని నేనడిగితే, “బియ్యం కొత్తయా పాతయా చూడకుంట లెక్కేంది బిడ్డా?” అని నవ్వేది. నాకు అన్నం వండడం వచ్చిందంటే ఆమె చలవే.

తెలంగాణ ఉద్యమంలో ఒక ఎండాకాలం మా ఊళ్లో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యి, రోడ్డు మీదే భోజనం. పెద్దమ్మ పిలవకుండానే తన పెద్ద వంటపాత్ర, గంజు పట్టుకుని వచ్చింది. రాళ్లు పెట్టే ముందు, “కింద మొరం పోయుండ్రి. తారు మెత్తవడ్తది, గంజు ఒరుగుతది” అన్నది.

మైకు పట్టుకున్న మా లెక్చరర్ సారు ఒప్పుకోలేదు. “మట్టి పోస్తే రోడ్డు మీద వండినట్టెట్లయితదమ్మా? మన పొయ్యి సర్కారు రోడ్డునే తాకాలె. ప్రతీక అంటే గదే” అన్నాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. పైగా నేను, “సారుకు తెల్వదా పెద్దమ్మా?” అన్నాను.

“ఆయన ఎన్నడన్న పొయ్యి ముట్టిచ్చిండా బిడ్డా?” అన్నది. అప్పటికే జనం ఆకలితో కూర్చున్నారు. ఇక వాదించకుండా రాళ్లు పెట్టింది.

అన్నం ఉడుకు పట్టేసరికి ఒక రాయి తారులోకి దిగింది. గంజు ఒరిగి, మరిగే గంజి ఆమె కుడికాలి మీద పడింది. ఆమె కేకలు పెడుతుంటే సారు మైకులో అందరినీ శాంతంగా ఉండమన్నాడు.

ఆ తర్వాత ఎన్నడూ పొయ్యి దగ్గర గంటసేపు కూడా నిలబడలేకపోయింది. పెళ్లి వంటలకు పిలవడం మానేశారు. అంత వంట చేతిలో పెట్టుకుని, సిరిసిల్లలో కూర్చుని బీడీలు చుట్టింది.

మొన్న సారు కూడా వచ్చాడు. శవం పక్కన నిలబడి, “ఉద్యమం కోసం అమ్మ చేసిన త్యాగం...” అని మొదలుపెట్టాడు.

“త్యాగం కాదు సార్. ఆమె వద్దన్నది. మనం వినలే” అన్నాను.

“విశాలంగ చూడాలమ్మా” అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. ఆయన మీద ఎంతో, ఆనాడు చప్పట్లు కొట్టిన నా చేతుల మీదా అంతే.

అప్పటికి ఆడవాళ్లు స్నానం చేయించి, కాళ్ల బొటనవేళ్లు కలిపి కట్టబోతున్నారు. ఆనాటి గంజికి కుడికాలి వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. దారం దూర్చడానికి సందు దొరకలేదు. చివరికి కూతురు తన కొంగు చించి, రెండు పాదాలనూ కలిపి చుట్టింది.