లక్ష్మమ్మ మొదటి భాష

కరోనా తగ్గి, ఆసుపత్రులు మామూలు రోగులతో మళ్ళీ నిండడం మొదలైన ఏడాది అది. కర్నూలులో ఒక ఆసుపత్రి న్యూరో వార్డులో నేను స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మెదడుకూ నరాలకూ సంబంధించిన జబ్బులవాళ్ళను ఉంచే వార్డు అది. మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా పక్షవాతం రోగులే. మాట పడిపోయినవాళ్ళను ఏళ్ళ తరబడి చూడడం వల్ల, ముఖం చూస్తే చాలు వాళ్ళకేం కావాలో తెలిసిపోతుందని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

లక్ష్మమ్మను కోడుమూరు నుంచి తీసుకొచ్చారు. అరవై ఏడేళ్ళ మనిషి, చేనేత కుటుంబం. మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతూ ఉన్నట్టుండి పక్కకు ఒరిగిపోయిందట. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మెదడులో భాషను నడిపే భాగం దెబ్బతింది. దాన్ని మేము అఫేజియా అంటాం. మనసులో ఉన్నది మాటగా బయటికి రాదు, ఒక్కోసారి ఎదుటివాళ్ళ మాట కూడా బోధపడదు.

తోడుగా కొడుకు మద్దిలేటి ఉన్నాడు. నలభై దాటినవాడు, అతనిదీ మగ్గం పనే. పొద్దున్నే తల్లికి తల దువ్వి జడ వేసేవాడు, తర్వాత నొసట కుంకుమ పెట్టేవాడు. జడ వంకరగా వచ్చేది. విప్పి మళ్ళీ అల్లేవాడు.

రెండు రోజులు ఆమె నోట మూలుగు తప్ప ఏమీ రాలేదు. మింగగలదో లేదో పరీక్ష చేశాం, ఆ ఇబ్బంది లేదు. కానీ చెంచా దగ్గరికి తెస్తే పళ్ళు బిగించేది. ఇంకొక రోజు చూసి, ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేద్దామన్నారు డాక్టరు. పాలూ జావా పోయడానికి వేసే సన్నటి గొట్టం అది.

మూడో రోజు ఆమెకు మాటలు వచ్చాయి. అవి తెలుగు కాదు.

మద్దిలేటి నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

“సిస్టరమ్మా, మాయమ్మ సాయిబుల మాట మాట్లాడతాండాది. ఆ మాట మాయమ్మకు ఒక్కటీ రాదు. ఎవురో సచ్చిపోయిన సాయిబులామె పట్టినట్టుండాది. డిశ్చార్జి రాయండి. మైదుకూరు దిక్కు మంత్రం ఏసే ఆయప్ప ఉండాడంట, ఆడికి పిల్చుకపోతాం.”

పక్షవాతం వచ్చిన మొదటి వారం చాలా కీలకం. అలాంటప్పుడు రోగిని జీపులో వేసుకుని అంత దూరం తిప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. అతన్ని కూర్చోబెట్టాను.

“అన్నా, నేనూ సాయిబుల ఆడబిడ్డనే. నా పక్కన కూర్చోడానికి నీకేం భయంలే కదా?”

అతని ముఖం పాలిపోయింది. “నీ పేరు మస్తానమ్మ అంటే మావాళ్ళేమో అనుకుంటి. తప్పుగా అనుకోవద్దమ్మా.”

“అనుకోలేదులే. నాకొక్క రోజు టైమియ్యి. అంతవరకు అమ్మను యాడికీ తీసుకపోవద్దు.”

ఎందుకో ఒప్పుకున్నాడు.

రెండు భాషలు వచ్చినవాళ్ళకు ఈ జబ్బు చేస్తే, ఒక్కోసారి తర్వాత నేర్చుకున్న భాష వెనక్కి పోయి, మొదట నేర్చుకున్నది మిగులుతుందని డాక్టరు రౌండ్స్‌లో ఒకసారి చెప్పారు. అందరికీ అలా జరగదు. మంచం దగ్గరికి వెళ్ళి విన్నాను. ముద్దముద్దగా వస్తున్నా ఉర్దూ అని తెలుస్తోంది. అంతకు మించి నాకు తెలియలేదు.

మాది దూదేకుల కుటుంబం, మా తాత దూది ఏకేవాడు. మా ఇంట్లో నమాజు ఉంది, రంజాన్ ఉంది, కానీ మాట్లాడేది తెలుగే. నర్సింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ఉర్దూ పిల్లలు “నువ్వేం ముస్లిమే” అని నవ్వేవాళ్ళు. తెలుగు పిల్లలు “మీవాళ్ళు” అంటూ వేరుగా మాట్లాడేవాళ్ళు. ఆ రోజు ఆ మంచం పక్కన నిలబడ్డప్పుడు, రాని ఆ భాష కోసం నా ప్రాణం కొట్టుకుంది.

మా వార్డు ఆయా ఖాజాబీని పిలిచాను. ఆమెది కర్నూలు పాతబస్తీ, ఇంట్లో ఉర్దూ. మంచం మీద కూర్చుని లక్ష్మమ్మ చెయ్యి పట్టుకుంది.

“భూక్ లగ్రీ క్యా, అమ్మా?” ఆకలేస్తోందా అని అడిగింది.

లక్ష్మమ్మ ఆమె ముఖం కేసి చూసింది. కళ్ళలోంచి నీళ్ళు జారి చెవుల్లోకి పోయాయి. ఆ తర్వాత నోరు తెరిచింది. ఖాజాబీ చేతి జావ అరగిన్నె తాగింది. ట్యూబ్ అవసరం రాలేదు.

కాసేపటికి ఖాజాబీ నన్ను పక్కకు పిలిచింది. “పేరు అడిగితే రహమత్‌బీ అంటాండాది. వాళ్ళమ్మను పిల్చమంటాండాది. ఇది నేర్చుకున్న మాట కాదు మస్తానమ్మా, పుట్టిన మాట.”

కొడుకుకు తెలియని సంగతి మా ఇద్దరికీ తెలిసింది. అతనితో చెప్పడానికి నాకు నోరు రాలేదు. రోగి గుట్టు రోగిదే. మర్నాడు లక్ష్మమ్మ భర్త సుంకన్న బస్సులో వస్తే, ఆయనకు తెలిసే ఉంటుందని కారిడార్‌లో ఆపి, విన్నది మెల్లగా చెప్పాను. ఆయన గోడకు ఆనుకున్నాడు.

“ఆ పేరు నా చెవిన పడి యాభై ఏండ్లాయెనమ్మా,” అన్నాడు.

“మీరు మార్పించినారా పెద్దాయనా?”

“లేదు. లక్ష్మి ఆమె ఎంచుకున్న పేరే. చిన్నప్పుడు ఆమెతో ఆడుకున్న పిల్ల పేరంట. ఆదోనిలో మా ఇంటి ఎనకనే వాళ్ళిల్లు. రెండిండ్లల్లోనూ ఒప్పుకోలే. ఇద్దరం కోడుమూరికి వచ్చేసి, బళ్ళారి దిక్కు పిల్ల, ఎవురూ లేరని చెప్తిమి. మొదట్లో భయం. భయం పోయినాక, ఇంగ చెప్పేదానికి నోరు రాలే.”

కొడుకుకు మీరే చెబితే మంచిదన్నాను. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. నా టేబుల్ అక్కడికి దగ్గరే. లేచి వెళ్ళాలనుకున్నాను కానీ వెళ్ళలేదు. పెద్దాయన అంతా చెప్పాడు.

“ఇన్నేండ్లు మాకు చెప్పకపోతిరి నాయనా,” అన్నాడు మద్దిలేటి. ఆ తర్వాత, “నాకు ఈ పేరు నువ్వు పెడితివా?” అని అడిగాడు.

“మీయమ్మే పెట్టె. నువ్వు పుట్టేటప్పుడు శానా కష్టమాయె. మద్దిలేటి సామికి మొక్కుకొనె. నేను మా నాయన పేరు పెడదామంటే ఒప్పుకోలే.”

మద్దిలేటి తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. చాలాసేపటి తర్వాత లేచి నా దగ్గరికి వచ్చాడు.

“సిస్టరమ్మా, నొప్పిగా ఉండాదా అని ఆ మాటలో ఎట్లడగల్ల?”

“నాకూ సరిగ్గా రాదన్నా. ఖాజాబీని అడుగుదాం పా.”

ఖాజాబీ మా ఇద్దరికీ పంతులమ్మ అయింది. నొప్పి, ఆకలి, చలి, పక్కకు తిప్పాలా, నేనే మద్దిలేటిని, ఇట్లా పది మాటలు తెలుగు అక్షరాల్లో కాగితం మీద రాసి మంచం పైన అంటించాం. అతను నొప్పిగా ఉందా అని “దరద్ హై క్యా” అన్నప్పుడల్లా ఆమె ఎడమ చేత్తో అతని చెంప తడిమేది.

పదో రోజుకు తెలుగు ఒక్కొక్క మాటగా తిరిగి రాసాగింది. ఆ సాయంత్రం సుంకన్న మంచం పక్కన కూర్చుని, మమ్మల్నందరినీ ఒకసారి చూసి, “రహమత్” అని పిలిచాడు. ఆమె నవ్వింది. తర్వాత తల అడ్డంగా ఊపి, కష్టపడి కూడదీసుకుని అంది: “లచ్చిమి.”

నేను తెల్లబోయాను. ఇన్ని రోజులూ రహమత్‌బీయే అసలు మనిషి, లక్ష్మమ్మ పైన వేసుకున్న ముసుగు అని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఖాజాబీకి మనసు చివుక్కుమన్నట్టుంది, లేచి వెళ్ళబోయింది. లక్ష్మమ్మ ఆమె కొంగు పట్టుకుని ఆపి, ఉర్దూలో ఏదో చెప్పింది. ఖాజాబీ మళ్ళీ కూర్చుంది. ఏమందని అడిగితే, “కూతురా కూచో అనె,” అని చెప్పింది.

మూడు నెలల తర్వాత రివ్యూకి కర్ర పట్టుకుని నడిచి వచ్చింది. నేను నేర్చుకున్న ఉర్దూలో బాగున్నారా అని పలకరించాను. ఆమె ఆగి, “అట్లగాదమ్మా, ఇట్లనల్ల,” అని తెలుగులోనే నా తప్పు దిద్దింది. వెనక మద్దిలేటి నవ్వాడు.

అప్పటి నుంచి కొత్త రోగి వస్తే, చిన్నప్పుడు ఇంట్లో ఏ మాట మాట్లాడేవాళ్ళని తోడు వచ్చినవాళ్ళను తప్పకుండా అడుగుతాను. లక్ష్మమ్మ కేసు నాకు నేర్పిన పని అది. ఇంకొకటి కూడా నేర్పింది. మనిషికి రెండు ఇళ్ళుంటే, ఏది సొంతమో తేల్చే పని పక్కన నిలబడ్డవాళ్ళది కాదు. నువ్వు ఎవరి దానివని నన్ను ఎవరైనా అడిగితే ఒకప్పుడు నాకు కోపం వచ్చేది. ఇప్పుడు, ఇద్దరి దాన్నే అని చెప్పి నా పని నేను చేసుకుంటాను.